ఆర్థికాభివృద్ధి జపాన్ పల్లె సంస్కృతిని ఎలా మార్చింది?

గిఫు ప్రిఫెక్చర్‌లోని షిరకావా గ్రామాన్ని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అక్కడి ఇళ్లవి నిటారైన గడ్డి కప్పులు. అటకల మీద పట్టుపురుగులు పెంచేవారు. కొన్ని దశాబ్దాలకోసారి కప్పు తిరగనేయడం ఒక్క కుటుంబం వల్ల కాదు. అందుకే ఊరంతా కూలి అడగకుండా వచ్చేది. ఈ బదులు సాయమే ‘యుయి’.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమలు యువతను నగరాలకు లాక్కున్నాయి, పట్టు పెంపకం పడిపోయింది. 1961లో పూర్తయిన మిబోరో ఆనకట్ట కింద కొన్ని ఊళ్లు మునిగాయి. యుయిని కుంగదీసింది ఆధునిక ఆలోచనలు కావని, పిలిస్తే వచ్చే మనుషులు తగ్గిపోవడమేనని నా అభిప్రాయం.

అయితే జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1971లో షిరకావాలోని ఒగిమాచి అనే పల్లె వాసులు ఇళ్లను అమ్మరాదు, అద్దెకివ్వరాదు, కూల్చరాదు అని కట్టుబాటు చేసుకున్నారు. ఎంత తెగువ కావాలి దానికి! 1995లో యునెస్కో గుర్తింపు వచ్చాక పర్యాటకమే ప్రధాన జీవనాధారమైంది. ఇళ్లు నిలిచాయి గాని, కొన్ని వసతి గృహాలుగా, దుకాణాలుగా మారాయి. కప్పు పనిలో చాలావరకు ఇప్పుడు ప్రభుత్వ సాయంతో వృత్తి పనివారే చేస్తున్నారు. వడకట్టని బియ్యపు మద్యాన్ని దేవుడికి అర్పించే దొబురోకు పండుగకు ఊరివారితో పాటు పర్యాటకులూ వస్తున్నారు.