ఫారం తీసే ముందు

చిట్టీ,

మావోయిస్టులకీ ప్రభుత్వానికీ మధ్య జరిగిన సంఘర్షణలో బాధితులైన వాళ్ల వివరాలు రాసుకునే పని మీద నేపాల్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. టెన్షన్‌గా ఉందన్నావట. కాస్త ఉండనీ. నేను ధీమాగా వెళ్లిన రోజే పెద్ద తప్పు చేశాను.

భర్త కనిపించకుండా పోయిన ఒకావిడని ఫారంలో ఉన్నది ఉన్నట్టు "వితంతువేనా?" అని అడిగేశాను. నుదుట సిందూరం, మెడలో అక్కడి పెళ్లైన ఆడవాళ్లు వేసుకునే పూసల దండ కనిపిస్తూనే ఉన్నాయి. ఏం మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. భర్త పోయాడని సంతకం పెడితే తనే చంపుకున్నట్టు ఉంటుంది వాళ్లకి. అర్జెంటీనాలో ఈ చిక్కు తెలిసే 1994లో చట్టం చేశారు. చనిపోయాడని ఒప్పుకోనక్కర్లేకుండా, "బలవంతపు అదృశ్యం వల్ల లేని వ్యక్తి" అని నమోదు చేయించుకోవచ్చు. నీ ఫారంలో అలాంటి గడి లేకపోతే పక్కన చేత్తో రాయి.

నేపాల్లో ఆ సంఘర్షణ నాటి అన్యాయాలు విచారించడానికి 2015లో ఏర్పడిన సత్య కమిషన్‌కే 60 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. అంటే నీ ముందు కూర్చున్న మనిషి ఆ కథ ఇంతకుముందే ఎవరికో చెప్పి ఉండొచ్చు. ముందు పాత రసీదు ఉందేమో అడుగు. ఉంటే అందులో ఉన్నదంతా మళ్లీ చెప్పించకు.

డబ్బు సంగతి నువ్వుగా ఎత్తకు. ఎంతిస్తారని అడిగితే తెలియదనే చెప్పు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నాటి బాధితులకి అక్కడి సత్య కమిషన్ ఏడాదికి 17 వేల నుంచి 23 వేల ర్యాండ్ల చొప్పున ఆరేళ్లు ఇమ్మంది. 2003లో ప్రభుత్వం ఒక్కసారే 30 వేలు ఇస్తామని తేల్చేసింది. ఆశ పెట్టుకున్నవాళ్లకి అది ఎలా ఉంటుందో ఆలోచించు.

నేపాల్లో 2006లో శాంతి ఒప్పందం కుదిరాక చనిపోయినవాళ్ల, కనిపించకుండా పోయినవాళ్ల కుటుంబాలకి "అంతరిమ్ రాహత్" (తాత్కాలిక సాయం) పేరుతో డబ్బిచ్చారు. అత్యాచారానికి గురైన ఆడవాళ్లని, చిత్రహింసలు పడ్డవాళ్లని అందులో చేర్చలేదు. పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటే వాళ్లు నీ దగ్గరికి రారు. అత్తగారి ముందు అసలే నోరు విప్పరు. నీళ్ల దగ్గరికో, గడ్డి కోసే చోటికో నువ్వే వెళ్లు, వెంట ఆడమనిషినే తీసుకెళ్లు. చెప్పకపోతే వదిలేయ్, ఇంకో రోజు వెళ్దువుగాని.

చివరగా ఏం కావాలని అడుగు. ఒకరు ఎముకలైనా ఇప్పించమంటారు, ఇంకొకరు పిల్లాడి ఫీజంటారు. ఎలా అంటే అలాగే రాయి, ఆఫీసు భాషలోకి మార్చకు. లేచేముందు నీ సంతకం, తేదీ వేసిన చీటీ వాళ్ల చేతిలో పెట్టు.

మీ పెద్దమ్మ