జపనీస్ నుంచి స్పానిష్‌కు కెమిస్ట్రీ అనువాదకులు ఎక్కడ దొరుకుతారు?

ముందు కెమిస్ట్రీ తెలిసినవారిని పట్టుకోండి. వారిలో జపనీస్ చదివి స్పానిష్ రాయగలిగేవారిని ఏరుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, భాషలు తెలిసినవారికి కెమిస్ట్రీ అప్పగిస్తారు.

సేఫ్టీ డేటా షీట్లు, అంటే రసాయనాల ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రాలు, అనువాదం చేయించడం నా ఉద్యోగంలో భాగం. ఒకసారి ఒక థిన్నర్ తాలూకు షీటు జపనీస్‌లో వచ్చింది, అదీ మసక స్కాన్. అసలు ఫైలు దగ్గర పెట్టుకుని స్కాన్ పంపడం ఏం పద్ధతో! ఒక సంస్థ దాన్ని చకచకా స్పానిష్‌లోకి మార్చి ఇచ్చింది. ఒక్క సందేహమూ అడగలేదు. అదే నాకు అనుమానం తెప్పించింది. ఏళ్లపాటు ల్యాబ్‌లో పనిచేసి అనువాదంలోకి వచ్చిన ఒకావిడకు అదే షీటు పంపాను. పని మొదలుపెట్టకముందే ఆవిడ మెయిల్ వచ్చింది: “మూడో విభాగంలో సీఏఎస్ సంఖ్య 108-83-3 అని కనిపిస్తోంది. చివరి అంకె కుదరడం లేదు. 108-88-3, అంటే టోలుయీన్ అయి ఉండాలి. తయారీదారును అడగండి.”

సీఏఎస్ సంఖ్య అంటే ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. అందులో చివరి అంకె ఉన్నదే సరిచూసుకోవడానికి. దాన్ని వదిలేసి, మిగతా అంకెలను కుడి నుంచి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5తో గుణించి కూడాలి. టోలుయీన్‌కు 53 వస్తుంది, చివర 3 సరిపోతుంది. స్కాన్‌లో కనిపించినదానికి 48 వస్తుంది, అంటే చివర 8 ఉండాలి. మొదటి సంస్థ ఆ తప్పు సంఖ్యను అలాగే దించేసింది. ఒక్క పదార్థం సంఖ్య తప్పితే షీటుకు విలువేముంది?

స్పెయిన్ విదేశాంగ శాఖ నియమించే అధికారిక అనువాదకులు ఉన్నారు కానీ, ఆ హోదా కెమిస్ట్రీకి హామీ కాదు. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ ధ్రువీకరణ పరీక్షల్లో ఒక వైపు ఇంగ్లిష్ ఉండి తీరాలి కాబట్టి ఈ జంటకు అదీ పనికిరాదు. జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో అక్కడి విశ్వవిద్యాలయాల్లో కెమిస్ట్రీ పరిశోధన చేసిన స్పానిష్ మాతృభాషీయులను వెతకండి. నా దృష్టిలో అంతకు మించిన చోటు లేదు.

దొరికాక షీటులో ప్రమాదాలు చెప్పే రెండో విభాగాన్ని నమూనాగా ఇవ్వండి. హెచ్225 (తేలిగ్గా మండే ద్రవం, ఆవిరి) లాంటి ప్రమాద సూచనలకు స్పానిష్ వాక్యాలు యూరోపియన్ యూనియన్ 1272/2008 నిబంధనలో ఖరారై ఉన్నాయి. వాటిని ఉన్నదున్నట్టు ఎత్తి రాసేవారికి పని తెలుసు. సొంత వాక్యాలు అల్లేవారికి దండం పెట్టి పంపేయండి.

ఇంకొకటి. చాలా సంస్థలు చెప్పకుండా ఇంగ్లిష్ మీదుగా చేయిస్తాయి. ఇది నాకు అస్సలు నచ్చని విషయం. అలా చేసేటట్లయితే ముందే చెప్పాలని, మధ్యలో తయారైన ఇంగ్లిష్ ప్రతిని కూడా ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోండి.