ముందు ఆ పెళ్లిని రాయి: చారిత్రక ప్రేమ నవల మొదలుపెట్టిన మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నువ్వు పంపిన కథాసంగ్రహం చదివాను. 1885 నాటి గోదావరి జిల్లా, బ్రాహ్మణ అగ్రహారంలో పెద్ద ఇంటి కోడలు, మనసు కలవని మొగుడు, వీధి గదిలో అద్దెకు దిగిన కాలవ ఓవర్సీరు. మంచి కథే. కాకపోతే ఓవర్సీరు మూడో పేరాలోనే గుమ్మంలోకి వచ్చేశాడు, మొగుడికి మాత్రం "కఠినుడు" అన్న ఒక్క మాట దక్కింది. ఇలాంటి నవలలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి. ఆమె దేన్ని పణంగా పెడుతోందో పాఠకులకి తెలియకపోతే ప్రేమకి బరువు రాదు. మొదటి ఆరు అధ్యాయాలూ పెళ్లికి ఇచ్చెయ్. ఓవర్సీరు ఆ అధ్యాయాల్లో గట్టు మీద కొలతలు తీసుకుంటూ దూరంగా కనిపిస్తే చాలు.

ముందు వయసులు తేల్చుకో. ఆ రోజుల్లో బ్రాహ్మల ఇళ్లలో పిల్ల పెద్దమనిషి కాకముందే పెళ్లి చేసేసేవారు, తర్వాత కొన్నేళ్లకి కాపురానికి పంపేవారు. ఆ భాగాన్ని నాలుగు వాక్యాల్లో జరిగిపోయిన సంగతిగా చెప్పి వదిలెయ్, సన్నివేశాలుగా రాయకు. నవల తెరుచుకునేసరికి ఆమెకు 24 ఏళ్లు ఉండాలి. ఆ ఇంట్లో పదేళ్లుగా బతుకుతున్న ఆడదై ఉండాలి. ఏ గదిలో ఏ డబ్బా ఎక్కడుందో, అత్తగారి దగ్గుని బట్టి ఆవిడ కోపం ఎంతుందో తెలిసినదై ఉండాలి.

మొగుణ్ణి తాగుబోతునో, చెయ్యి చేసుకునేవాణ్ణో చెయ్యకు. అలా చేశావంటే పాఠకులు మొదటి పేజీలోనే ఆమెకి అనుమతి ఇచ్చేస్తారు, ఇక నవలకి పని ఉండదు. అతను మర్యాదస్థుడు, తల్లి మాట జవదాటడు, అప్పు చెయ్యడు, భూమి దావాల్లో మునిగి తేలుతుంటాడు. అతన్నీ ఎవరూ అడిగి పెళ్లి చెయ్యలేదు. అతనికి ప్రాణమైనది ఒకటి పెట్టు: తోటలో అంట్లు కట్టడమో, వీణో. ఆ పని చేసేటప్పుడు అతని ముఖం ఎలా మెత్తబడుతుందో ఆమె కంట పడాలి. అంత మెత్తదనం అతనిలో ఉందని, అది తన వైపు ఎప్పుడూ తిరగలేదని ఆమెకి తెలియడమే అసలు దెబ్బ.

ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్తగా విను. ఆ కాలపు ఉమ్మడి ఇంట్లో ఏ మొగుడూ పెళ్లామూ పెద్దల ఎదట పగటిపూట మాట్లాడుకోరు. పేరు పెట్టి పిలుచుకోరు. ఆమె అతను తిన్నాకే తింటుంది. అంచేత "వాళ్ల మధ్య మాటలు లేవు" అని రాస్తే అది ప్రేమలేని కాపురం అవదు, ఆ వీధిలో ప్రతి కాపురమూ అలాగే ఉంటుంది. తేడా చూపించాలంటే పక్కన ఇంకో జంట కావాలి. తోడికోడలిని వాడుకో. ఆవిడ మొగుడు రాత్రి భోజనమయ్యాక పళ్లెంలో పెట్టిన నాలుగు తమలపాకు చిలకల్లో మూడే వేసుకుని లేస్తాడు. పళ్లెం తీసేది తోడికోడలే. మిగిలిన చిలక చెంగున ముడేసుకుని ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్లిపోతుంది. మన నాయిక మొగుడు నాలుగూ నమిలేస్తాడు. అందులో దుర్మార్గం ఏమీ లేదు, ఆ పళ్లెం ఎవరు తీస్తారన్నది అతనికి ఎన్నడూ తట్టలేదు, అంతే. ఇలాంటివి మూడు దొరికితే చాలు, "ఒంటరితనం" అన్న మాట నవల మొత్తంలో వాడక్కర్లేదు.

తర్వాత ఇంటి నక్షా గియ్యి. బొమ్మ బాగా రాకపోయినా పర్వాలేదు, కొలతలు ఉండాలి. వీధి అరుగు, నడవా, మండువా, చుట్టూ వసారాలు, వంటిల్లు, పెరటి గుమ్మం, నుయ్యి, పశువుల పాక. మండువా లోగిలి అంటేనే నలుగురి చూపులూ వచ్చి కలిసే చోటు. ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్లాలన్నా ఆ నడిమి వెలుతురు దాటాలి. పద్నాలుగు మంది ఉన్న ఇంట్లో రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారో రాసి పెట్టుకో. వసారాలో పడుకునే వితంతువు మేనత్తకి నిద్ర పట్టదు. పెరటి గడియ చప్పుడు చేస్తుంది. నువ్వు సంగ్రహంలో రాసిన "అర్ధరాత్రి ఆమె నిశ్శబ్దంగా బయటికి జారుకుంది" అన్న వాక్యం ఆ నక్షా ముందు నిలవదు, చూడు.

మరి ఇద్దరూ కలిసేదెక్కడ? కాలమే తావులిస్తుంది. కార్తీకంలో తెల్లవారకముందే కాలవ రేవులో స్నానాలు. ఐదు రోజుల పెళ్లిళ్లు. రాత్రంతా నడిచే హరికథ. ఇంకోటి, చాలామంది రచయితలకి తోచనిది: నెలకి మూడు రోజులు ఆమె పెరటి వైపు విడిగా ఉంటుంది. వంట లేదు, మడి లేదు, ఎవరూ దగ్గరికి రారు. ఆ ఇంట్లో ఆడదానికి ఒంటరిగా, తీరిగ్గా దొరికే సమయం అదే. ఆమె చదువుకునేదీ, ఆలోచించుకునేదీ, ఉత్తరం రాసుకునేదీ అప్పుడే రాయి. దాని వెనకే ఇంకో నిజం ఉంది: ఆ రోజులు ఇంటిల్లిపాదికీ లెక్కే. ఒక నెల ఆమె బయట కూర్చోకపోతే సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. మొగుడు ఏ రాత్రి గదిలో పడుకున్నాడో, ఏ రాత్రి అరుగు మీద పడుకున్నాడో కూడా తెలుసు కాబట్టి రహస్య గర్భం అన్న మలుపు ఈ ఇంట్లో చెల్లదు. ఆ మలుపు తీసెయ్.

ఉత్తరాల సంగతి. పోస్టు అప్పటికే ఉంది. 1879 నుంచి పావు అణాకి పోస్టుకార్డు కూడా దొరుకుతోంది. అయినా కోడలి పేర ఉత్తరం వస్తే అది అరుగు మీదే విప్పబడుతుంది, కార్డయితే మరీ బట్టబయలు. చేతి మీదుగా నడిపించు. చాకలామె మైల బట్టలకి రెండు చోట్లకీ వెళ్తుంది కదా. అయితే ఆమెనీ మనిషిగానే చూడు. పట్టుబడితే ఆ ఇంటి నుంచి ఏటా రావలసిన ధాన్యం పోతుంది, ఊళ్లో పని పోతుంది. ఎందుకు మోస్తుందో ఒక కారణం ఉండాలి. ధాత కరువులో, అంటే 1876లో మొదలైన ఆ పెద్ద కరువులో, మెట్ట సీమ నుంచి డెల్టాకి వలస వచ్చిన మనిషని పెడితే, ఆమె పట్ల నాయిక చేసిన పాత మేలు ఒకటి ఇమిడిపోతుంది.

నాయికకి చదువెలా వచ్చిందని కూడా చూసుకో. ధవళేశ్వరంలో వీరేశలింగంగారి బాలికల పాఠశాలలో చదివిందని రాశావు. ఆ బడి పెట్టింది 1874లో. 1885లో 24 ఏళ్లున్న పిల్లకి అప్పటికి పదమూడు, పెళ్లయిపోయి కాపురానికి వెళ్లే వేళ. కుదరదు. తండ్రి అన్నకి చెబుతుంటే పక్కన కూర్చుని దిద్దుకుందని రాయి, చాలు.

ఏళ్ల విషయంలో పంచాంగాన్ని పక్కనే పెట్టుకో. నీ కథ 1885 ఉగాదికి మొదలైతే అది పార్థివ. ఆ తర్వాత వ్యయ, సర్వజిత్తు, సర్వధారి. ఇంట్లోవాళ్లు చెప్పుకునేది ఈ పేర్లతోనే, ఇంగ్లీషు ఏడు ఓవర్సీరు కాగితాల మీదే కనబడాలి. పొద్దు జాముల్లో, ఘడియల్లో నడుస్తుంది: జాము 3 గంటలు, ఘడియ 24 నిమిషాలు. గడియారం ఇంట్లో ఉంటే ఒక్కటే, అదీ మొగుడి గదిలో. లేవగానే కాఫీ కలిపించకు, చద్దన్నం పెట్టించు. అన్నిటికంటే పెద్ద తప్పు నీ పదిహేడో అధ్యాయంలో ఉంది. ఇద్దరూ రాజమండ్రిలో మద్రాసు రైలెక్కారు. గోదావరి మీద రైలు వంతెన తెరిచింది 1900లో. 1885లో నీ మనుషులకి దిక్కు కాలవ పడవే, గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగే పడవ. ప్రతి లాకు దగ్గరా ఆగాలి, ప్రతి లాకు దగ్గరా ఎవరో ఒకరు గుర్తుపట్టొచ్చు. ఇది నీకు నష్టం కాదు తల్లీ. పారిపోయే జంట నడక వేగంతో పోతుంటే, గట్టు మీద గుర్రం వాడు అంతకంటే తొందరగా వస్తున్నాడని పాఠకులకి తెలిస్తే చాలు, ఆ అధ్యాయం తనంతట తనే బిగుస్తుంది.

ఇక చట్టం. ఇది సరిగ్గా తెలుసుకుంటే నీకు కథే దొరుకుతుంది. 1862లో అమల్లోకి వచ్చిన అప్పటి శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ప్రకారం పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడికి ఐదేళ్ల దాకా ఖైదు. ఆమెకి శిక్ష లేదు, తోడ్పడిందన్న నేరం కూడా లేదు. ఆమెని ఆ చట్టం నేరస్థురాలిగా కూడా లెక్కించలేదు. మాయమాటలు చెప్పి తీసుకుపోతే 498, రెండేళ్ల దాకా. ఇవి పోలీసులు తమంతట తాము పెట్టే కేసులు కావు. మొగుడు ఫిర్యాదు చెయ్యాలి. అతను లేనప్పుడైతే అతని తరఫున ఆమెని కనిపెట్టుకుని ఉన్నవాళ్లు చెయ్యొచ్చు. ఇప్పుడు చూడు: మొగుడు దావా పని మీద మద్రాసు వెళ్లాడు, ఇంట్లో పెద్ద బావగారున్నారు. ఫిర్యాదు రాయించేది ఎవరు? తిరిగొచ్చిన మొగుడు రాజమండ్రి కోర్టులో నలుగురి ముందు నిలబడి నా భార్య ఫలానావాడితో అని తన నోటితో చెప్పాలి. చెప్తాడా? ఆ నిర్ణయం అతని చేతిలో పెట్టు. నవలలో అతనికి దక్కే పెద్ద సన్నివేశం అదే, అది అతన్ని మనిషిని చేస్తుంది.

విడాకులన్న మాట ఈ ఇంట్లో ఎవరి నోటా రానీయకు. కొన్ని కులాల్లో పెద్దల ముందు తెగతెంపులూ మారుమనువూ ఆచారంగా ఉండేవి, వీళ్లకి లేవు. హిందువులందరికీ చట్టంలో విడాకులు వచ్చింది 1955లో. ఆమె పుట్టింటికి వెళ్లిపోతే మొగుడు కాపురానికి రావాలని దావా వెయ్యొచ్చు. బొంబాయిలో కాపురానికి వెళ్లనన్న రఖ్మాబాయి మీద ఆమె మొగుడు వేసింది అలాంటిదే. 1885లో ఆమె పక్షాన తీర్పొచ్చింది, అప్పీలు మీద అది తిరగబడింది, 1887 మార్చిలో నెల రోజుల్లో కాపురానికి వెళ్లు లేదా ఆరు నెలలు జైలని కోర్టు చెప్పింది. ఆమె జైలుకే సిద్ధపడింది. 1888లో రెండు వేల రూపాయలతో రాజీ అయింది. నీ కథ ఏళ్లు సరిగ్గా అవే. ఓవర్సీరు దగ్గరికొచ్చే పత్రికలో ఈ వార్త ముక్కలుముక్కలుగా వస్తుంది. ఆమె దాన్ని ఎప్పుడు, ఎక్కడ చదువుతుందో ఆలోచించు.

ఊరి శిక్ష కోర్టు శిక్ష కంటే పెద్దది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగి నాలుగేళ్లే అయింది, దానికి వెళ్లినవాళ్లని ఏమేం చేశారో ఈ ఇంటివాళ్లకి బాగా గుర్తుంది. వెలి అంటే వట్టి మాట కాదు. తద్దినానికి బ్రాహ్మడు రాడు, మంగలి రాడు, చాకలి రాదు, ఈ ఇంటి పిల్లని ఎవరూ చేసుకోరు. అందుకని ఇంట్లో పెళ్లి కావలసిన చిన్న ఆడపడుచు ఒకర్తి ఉండాలి. వదినంటే ప్రాణం పెట్టే పిల్ల. నాయిక గడప దాటితే కూలేది ఆ పిల్ల బతుకే. నువ్వు పెట్టుకున్న కులం అడ్డు, మతం అడ్డు, దొర అడ్డు అన్నీ తీసెయ్. పెళ్లయిన ఆడదన్న ఒక్క అడ్డూ, ఈ పిల్లా చాలు.

ముగింపుకి మొగుణ్ణి విషజ్వరంతో చంపకు. అది కథని తప్పించుకోవడమే. పైగా 1856 వితంతు పునర్వివాహ చట్టం కింద వితంతువు మళ్లీ పెళ్లాడితే మొగుడి ఆస్తి మీద హక్కు వదులుకోవాలి, ఆ చిక్కు కూడా నీ మెడకి చుట్టుకుంటుంది. దారి కావాలంటే యానాం ఉంది. డెల్టా మధ్యలో ఫ్రెంచివాళ్ల ఊరు, బ్రిటిష్ శిక్షాస్మృతి అక్కడ చెల్లదు, ఇక్కడి పోలీసు నేరుగా వెళ్లి పట్టుకు రాలేడు. పెళ్లి మాత్రం అక్కడా పాతదే, ఆమె అక్కడా ఫలానావారి భార్యే. వెళ్లాక బతికేది దేనితో? ఆమె స్త్రీధనం ఎంతో మొదటి అధ్యాయంలోనే లెక్క రాసుకో: కాసుల పేరు, వంకీలు, గాజులు, ఏది ఎన్ని తులాలు, ఏది అత్తగారి పెట్టెలో ఉంది, ఏది ఒంటి మీద ఉంది. ఒంటి మీద ఉన్నదే ఆమెతో వస్తుంది. ఒక్కో నగ ఎప్పుడు పోతుందో చివరిదాకా ఆ లెక్క తప్పకూడదు.

కొలతలంటావా, 28 నుంచి 30 అధ్యాయాలు, ఒక్కోటి రెండున్నర వేల నుంచి మూడు వేల మాటలు. వారపత్రికకైనా పుస్తకానికైనా సరిపోతుంది. ఇద్దరూ మొదటిసారి నేరుగా మాట్లాడుకునేది తొమ్మిదో అధ్యాయంలో, అదీ మేనత్త వింటుండగా, అద్దె బాకీ గురించి. చెయ్యి తగిలేది పద్నాలుగుకి ముందు వద్దు. ఆ తర్వాత శృంగారం రాయడానికి జంకకు, కానీ ఒక్క సన్నివేశమే రాయి, నిండుగా రాయి. అందులోనూ ఆమె చెవి ఒకటి పెరటి గడియ మీదే ఉండాలి.

సంభాషణలు గోదావరి యాసలో ఉండనీ, కథనం మామూలు వాడుక భాషలో. ఓవర్సీరు ఉత్తరాలు మాత్రం కొంచెం గ్రాంథికం, చదువుకున్నవాడు అప్పుడు అలాగే రాసేవాడు. ఆమె జవాబులు నోటి మాటలా ఉంటాయి, సంధులు తప్పుతాయి. మూడో ఉత్తరానికి అతను గ్రాంథికం వదిలేసి ఆమెలా రాయడం మొదలుపెడితే, ప్రేమని వేరే చెప్పక్కర్లేదు.

ముందు నక్షా, వయసుల పట్టిక, నగల లెక్క పూర్తి చెయ్. ఆ తర్వాత మొదటి ఆరు అధ్యాయాలూ ఓవర్సీరు నోరు విప్పకుండా రాసి, ఆ మూడు కాగితాలతో కలిపి నాకు పంపు. నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
అత్తయ్య