మౌంట్ చేశాక గ్రూపులో వాళ్లు రాయలేకపోతున్నారా? మార్చింది ఏ ఫోల్డర్‌నో చూడండి

లినక్స్‌లో ఓ పార్టిషన్‌ని (డిస్కులో ఒక భాగాన్ని) మౌంట్ చేయకముందే, అంటే ఫోల్డర్‌కి తగిలించకముందే, ఆ ఫోల్డర్‌కి గ్రూపు మార్చారు, 775 (యజమానీ, గ్రూపూ రాయొచ్చు, బయటివాళ్లు చూడగలరంతే) కూడా ఇచ్చారు. మౌంట్ అవగానే మళ్లీ రూట్ (అడ్మిన్) పేరే కనిపిస్తోంది, మిగతావాళ్లు ఒక్క ఫైల్ కూడా పెట్టలేకపోతున్నారు. ఇదేగా మీ సమస్య? దీంతో నేనూ ఓ సాయంత్రమంతా కుస్తీ పట్టాను. మీరు మార్చింది ఉత్త ఖాళీ ఫోల్డర్‌ని. మౌంట్ అయ్యాక అది కనిపించదు, దాని చోట పార్టిషన్ సొంత రూట్ (అన్నిటికంటే పైనుండే) ఫోల్డర్ వచ్చి కూర్చుంటుంది. అందుకే మార్పులన్నీ మౌంట్ అయ్యాకే చేయాలి. ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) అయితే అవి డిస్కులోనే ఉంటాయి కాబట్టి రీబూట్ చేసినా పోవు.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ చేయాలో రాసుండే ఫైల్) జీఐడీ (గ్రూపు నంబరు), యూమాస్క్ (ఏ హక్కులు తీసేయాలో చెప్పే సంఖ్య) రాయమని ఎవరైనా చెబితే వినకండి. అవి ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్ లాంటి విండోస్ తరహా ఫైల్ సిస్టమ్‌లకి. అక్కడ జీఐడీతో పాటు ఫోల్డర్లకు డీమాస్క్ 002, ఫైళ్లకు ఎఫ్‌మాస్క్ 113 ఇస్తే సరిపోతుంది. ఈఎక్స్‌టీ4 లైన్లో పెడితే అసలు మౌంటే అవదు. నేను పెట్టి రీబూట్ కొట్టాను, సిస్టమ్ కాస్తా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. ఆ టెన్షన్ మీకొద్దు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మార్చిన ప్రతిసారీ ఆ పార్టిషన్‌ని అన్‌మౌంట్ చేసి, 'మౌంట్ -ఏ' (ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్నవాటిని మౌంట్ చేసే కమాండ్) నడిపి చూశాకే రీబూట్ చేయండి.

ఇక ఫోల్డర్‌కి 775 కాదు, 2775 ఇవ్వండి. ముందున్న ఆ 2 సెట్‌జీఐడీ. లోపల పుట్టే ప్రతి ఫైల్‌కీ ఫోల్డర్ గ్రూపే వస్తుంది. 'ఎల్‌ఎస్ -ఎల్‌డీ' కొడితే గ్రూపు వరసలో ఎక్స్ బదులు ఎస్ కనిపించాలి.

పని అయిపోయిందనుకుని నేను ఇక్కడే ఆగిపోయాను. మర్నాడు చూస్తే గ్రూపు సరిగ్గానే ఉంది, కొత్త ఫైల్ మాత్రం 644. అంటే పక్కవాళ్లు చదవగలరు, దిద్దలేరు. ఇది యూమాస్క్ 022 (ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోది కాదు, ఒక్కో యూజర్‌కి ఉండేది) చేసే పని. అందరి యూమాస్క్‌నీ 002 చేయొచ్చు కానీ, ఒక్కరు మర్చిపోయినా కథ మళ్లీ మొదటికే వస్తుంది. నాకు నచ్చింది డిఫాల్ట్ ఏసీఎల్ (ఫోల్డర్‌లో కొత్తగా పుట్టేవాటికి వచ్చే హక్కుల జాబితా): 'సెట్‌ఎఫ్‌ఏసీఎల్ -డీ -ఎం జీ::ఆర్‌డబ్ల్యూఎక్స్', ఆ తర్వాత ఫోల్డర్ పేరు. అది ఉన్నచోట యూమాస్క్‌ని పట్టించుకోరు, కొత్త ఫైళ్లు 664తో (గ్రూపు కూడా రాయొచ్చు) వస్తాయి.

వేరే చోటి నుంచి ఎంవీతో (ఫైళ్లను జరిపే కమాండ్) తెచ్చిన ఫైళ్లకు మాత్రం ఇదేదీ వర్తించదు, అవి పాత గ్రూపుతో, పాత పర్మిషన్లతోనే వస్తాయి. వాటికి గ్రూపు మార్చి 'సీహెచ్‌మోడ్ -ఆర్ జీ+ఆర్‌డబ్ల్యూఎక్స్' కొట్టండి. ఇందులో ఆర్ ఆప్షన్, చివరి ఎక్స్ రెండూ పెద్దక్షరాలే. చిన్న ఎక్స్ పెడితే మామూలు ఫైళ్లు కూడా ఎగ్జిక్యూటబుల్ అయిపోతాయి.

ఇంతా చేసి ఇంకా రాయలేకపోతుంటే, గ్రూపులో చేర్చాక వాళ్లు లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యారో లేదో అడగండి.