అమ్మాయిలు తమ రూపాన్ని తక్కువ చేసుకోవడానికి టీవీ, సినిమాలే కారణమా?

కొంతవరకే. రంగు తక్కువైతే కట్నం ఎక్కువ అడిగే లెక్క మన ఇళ్లలో టీవీ రాకముందు నుంచే ఉంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ ఆ భయాన్నే అమ్ముకుంది, 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసినా పెళ్లిచూపుల కొలమానం మారలేదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పెళ్లి లెక్కలూ ప్రకటనలూ కలిసి పనిచేయడం స్పష్టంగా కనిపిస్తుంది: పళ్లు ఏర్పడే వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగడం వల్ల పడిన గోధుమరంగు మచ్చలను ఏ టూత్‌పేస్టూ పోగొట్టలేదు గనుక, తెల్లని పలువరుసల ప్రకటనలు చూస్తూ పెరిగిన అమ్మాయిలు ఫొటో అనగానే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటారు. అవే మచ్చలు అబ్బాయికి ఉంటే సంబంధాల దగ్గర అంతగా పట్టించుకోరు (కట్నమూ తగ్గదు). ఇక ఫోన్ ఫిల్టర్లు రంగునూ పళ్లనూ ఒకేసారి తెల్లబరుస్తున్నాయి.