నెల్లూరు, ఒంగోలు కార్పొరేషన్ల కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు సోలార్ పెట్టాలా, వాడకం తగ్గించాలా?

ముందు వాడకం తగ్గించి, ఆ తర్వాతే సోలార్‌కు వెళ్లడం మేలని నా అభిప్రాయం. నగరపాలక సంస్థల కరెంటు బిల్లులో సింహభాగం వీధి దీపాలకూ, తాగునీటి పంపింగుకూ పోతుంది. కేంద్రం 2015లో మొదలుపెట్టిన జాతీయ వీధి దీపాల కార్యక్రమంతో మన రాష్ట్ర పట్టణాల్లో ఎల్ఈడీలు విస్తృతంగా వచ్చాయి. చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా లాగే ట్యూబ్‌లైటు పనిని 20 వాట్ల ఎల్ఈడీ చేస్తుంది. పట్టపగలు వెలిగితే మాత్రం అదీ దుబారాయే కాబట్టి, వేళకు ఆర్పే టైమర్లు సరిగా పనిచేయాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది పంపుల మీద. ఒంగోలులో సాగర్ కాలువ నీటిని సమ్మర్ స్టోరేజి ట్యాంకుల్లో నింపుకొని, శుద్ధి చేసి, ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కించి ఇళ్లకు వదులుతారు. అంటే దారిలో పైపు పగిలి కారిపోయే ప్రతి బిందె నీటితోపాటు, దాన్ని పైకెత్తిన కరెంటు కూడా నేలపాలవుతుంది. అందుకే లీకులు అరికట్టడం, పంపులో నీటిని తోసే చక్రాలైన ఇంపెల్లర్లు అరిగిపోతే మార్చడం, మోటార్లు అదనపు కరెంటు లాగకుండా తగిన కెపాసిటర్లు బిగించడం బిల్లు తగ్గించే పనుల్లో ముందుండాలి.

సోలార్‌లో ఒక కిలోవాట్‌కు నీడ పడని జాగా సుమారు 100 చదరపు అడుగులు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. పగటిపూట నడిచే పంపుహౌసులకూ, కార్యాలయాలకూ ఇది బాగా సరిపోతుంది. తీరప్రాంతం కనుక ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టాండ్లనూ, ప్యానెళ్లు క్రమం తప్పక కడిగే బాధ్యతనూ టెండరులోనే రాయించాలి.