పేరు తెలియని చిప్ కంపెనీకి అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మాది మొగల్తూరు దగ్గర పల్లె. వ్యవసాయం. మా అమ్మాయి భీమవరంలో ఈసీఈ ఆఖరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడేమో బెంగళూరులో ఒక స్టార్టప్‌లో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌కి వెళ్తానంటోంది. ఏఐ కంప్యూటర్లకు మెమరీ దగ్గర వచ్చే ఇబ్బంది తీర్చే చిప్ చేస్తున్నారట. వెరిఫికేషన్ పని అట. పని నచ్చితే అక్కడే ఉద్యోగం ఇస్తారట. ఆ కంపెనీ పేరు మా చుట్టాల్లో ఎవరూ వినలేదు. రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: మీ ఉత్తరంలో జీతం ఎంతో లేదు. బాండ్ ఉందో లేదో లేదు. చుట్టాలు మాత్రం ఉన్నారు. ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుందండీ, కంపెనీ పేరు మారుతుంది అంతే. అడిగేది ఉద్యోగం సంగతే అయినా, లోపలి బెంగ వేరు: రేపు సంబంధాలు చూసేటప్పుడు కంపెనీ పేరు చెబితే అవతలివాళ్లు 'అదెక్కడిది?' అంటారేమోనని. అబ్బాయైతే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదని నా అనుమానం. కోపం వస్తే తిట్టుకోండి, ఫరవాలేదు.

ముందు పిల్ల చేయబోయే పనేమిటో తెలుసుకోండి. శివారు రైతుకి అది అర్థం కానిదేమీ కాదు. ధవళేశ్వరంలో నీళ్లుంటాయి, మీ చేను దాళ్వాకి సిద్ధంగా ఉంటుంది, మధ్యలో కాలువ నిండా గుర్రపుడెక్క. చేనుకి తడి అందదు. ఏఐ చిప్పుల్లోనూ ఇదే గోల. లెక్కలు చేసే భాగం మహా వేగంగా చేస్తుంది, కానీ దానికి కావలసిన అంకెలు మెమరీ నుంచి వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చుంటుంది. ఏఐ మోడల్ నేర్చుకున్నదంతా అంకెల రూపంలో ఉంటుంది, వాటినే పారామీటర్లంటారు. 7,000 కోట్ల పారామీటర్లున్న మోడల్‌ని, ఒక్కోదానికి 16 బిట్ల చొప్పున దాస్తే 140 జీబీ అవుతుంది. ఒక్క మనిషి ప్రశ్నకి జవాబు చెబుతున్నా, జవాబులో ఒక్కో మాట ముక్కకీ ఆ 140 జీబీనీ మళ్లీ చదవాల్సిందే. ఎన్విడియా హెచ్100 చిప్‌కి ఉన్నదే 80 జీబీ, సెకనుకు 3.35 టెరాబైట్ల చొప్పున అందిస్తుంది. మోడల్ అందులో పట్టనే పట్టదు.

మెమరీ పొరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కాలువ వెడల్పు చేయడం ఒక దారి. దాన్ని హెచ్‌బీఎం అంటారు. ఎస్‌కే హైనిక్స్, శాంసంగ్, మైక్రాన్, ప్రధానంగా ఈ మూడే చేస్తాయి. లెక్క చేసే చోటునే మెమరీ పక్కకో, లోపలికో తీసుకెళ్లడం ఇంకో దారి. చిన్న కంపెనీలు చాలా వరకు ఇక్కడే తంటాలు పడుతున్నాయి. మీ అమ్మాయి వెళ్లేది ఏ దారిలో ఉందో తననే అడగండి. చెప్పగలిగితే సగం బెంగ తీరినట్టే.

అలాగని సమస్య నిజమైనంత మాత్రాన కంపెనీ నిలబడుతుందని నేను అనను. డిజైన్ ఇక్కడ చేసి తైవాన్‌లాంటి చోటికి తయారీకి పంపుతారు, చిప్ చేతికి రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక తప్పు బయటపడితే మళ్లీ డబ్బు, మళ్లీ నెలలు. అన్నీ కుదిరినా దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ లేకపోతే కొనేవాడుండడు. ఎన్విడియా తన చిప్పుల మీద ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్ 'కుడా'ని 2007 నుంచి పెంచుకుంటూ వచ్చింది. ఏఐ చిప్పుల కోసమే పుట్టి, కోట్ల డాలర్లు సేకరించిన బ్రిటన్ కంపెనీ గ్రాఫ్‌కోర్ చివరికి 2024లో సాఫ్ట్‌బ్యాంక్ చేతికి పోయింది.

అసలు సెమీకండక్టర్ అన్న మాట మీద ఇప్పుడున్న మోజే నాకు నచ్చడం లేదు. 2021 డిసెంబరులో కేంద్రం చిప్పుల పరిశ్రమ కోసం 76,000 కోట్ల పథకం ప్రకటించింది. ఆ తర్వాత వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్ డిజైన్ నేర్పుతామనే బోర్డు కనబడితే చాలు, లక్షల ఫీజు కట్టేస్తున్నారు. వనామీ రొయ్యకి ధర ఉందని వరిచేలన్నీ చెరువులు చేసి, ధర పడ్డాక ఏరియేటర్ల కరెంటు బిల్లు చూసుకుని ఏడ్చినవాళ్లు మన దగ్గర తక్కువా? మీ అమ్మాయిది ఆ బాపతు కాదు. ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవడం లేదు, పని చేస్తూ నేర్చుకుంటానంటోంది.

వెరిఫికేషన్ అంటే తయారీకి పంపకముందే డిజైన్‌లో తప్పులు పట్టడం. ఈ పని వచ్చినవాళ్లు ఏ చిప్ కంపెనీకైనా కావాలి. స్టార్టప్ రెండేళ్లకు మూతపడినా ఆ పని చేతిలో ఉంటుంది. హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్, మైక్రాన్ వంటివాళ్లకు పెద్ద డిజైన్ కేంద్రాలున్నాయి. ఇరవై రెండేళ్ల పిల్ల రెండో ఉద్యోగం వెతుక్కోవడం పరువు తక్కువేమీ కాదు, దయచేసి ఆ మొహం పెట్టకండి.

పోల్చమన్నారు కదా. సాఫ్ట్‌వేర్ కంపెనీలో జీతం నెలకి టంచనుగా పడుతుంది, కానీ ఏ ప్రాజెక్టులో వేస్తారో వాళ్లిష్టం, నాలుగేళ్ల ఈసీఈ చదువు మూలన పడచ్చు. ఇంటి మీద అప్పుండి, ఆ జీతంతోనే వాయిదాలు కట్టాల్సి ఉంటే అక్కడికే పంపండి, నేను తప్పు పట్టను. లేదంటే ఇప్పుడే ఏదీ వదులుకోనక్కర్లేదు. పెద్ద కంపెనీలు ఆఫర్ లెటర్ ఇచ్చాక జాయినింగ్ తేదీకి నెలల తరబడి తిప్పడం మామూలే. కాలేజీ అనుమతి తీసుకుని ఆఖరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ చేసి వస్తే, అప్పటికి ఆ తేదీ వచ్చిందో లేదో చూసుకోవచ్చు.

స్టార్టప్ వాళ్లని అమ్మాయే అడగాలి, మీరు ఫోన్ చేయకండి: ఇప్పటిదాకా ఒక్క చిప్ అయినా తయారై వచ్చిందా, చేతిలో ఉన్న డబ్బు ఎన్నాళ్లకు సరిపోతుంది, తనకు పని నేర్పేది ఎవరు. అడిగితే ఏమనుకుంటారోనని వెనకాడొద్దనండి. ఇక బాండ్ ఏమైనా ఉంటే, సంతకం పెట్టకముందే ఆ కాగితం నాకు పంపమనండి.